తాతల దేశంలో వీసా సులువే... ఇల్లే కష్టం!

2025 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా గణాంకాల్లో ఒక అంకె ఆ దేశాన్ని కంగారు పెట్టింది. చదువు లేదు, ఉద్యోగం లేదు, వెతకడమూ లేదు, ‘ఊరికే ఉంటున్నాం’ అని చెప్పిన 15–29 ఏళ్ల వాళ్ల సంఖ్య తొలిసారి 5 లక్షలు దాటింది. అదే దేశంలో 2023లో సంతానోత్పత్తి రేటు 0.72కి పడిపోయింది. అంటే ఉన్న కుర్రాళ్లకేమో నచ్చిన పని దొరకట్లేదు, ఫ్యాక్టరీలకేమో రేపటికి మనుషులే ఉండరు. ఈ రెండింటి మధ్యలోకి మూడో గుంపు ఒకటి వచ్చి చేరుతోంది. ఎప్పుడో వలస వెళ్లిన కొరియన్ల పిల్లలు, మనవలు, మునిమనవలు. లాస్ ఏంజెలెస్ నుంచి, తాష్కెంట్ నుంచి, చైనా ఈశాన్యం నుంచి తాతల దేశానికి ఉద్యోగం వెతుక్కుంటూ వస్తున్నారు.

వాళ్ల గొడవ మనకెందుకు అంటారా? రెండు కారణాలున్నాయి. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు పెట్టాక, మన క్యాంపస్ వాట్సాప్ గ్రూపుల్లో కొరియా, జపాన్ పేర్లు గట్టిగానే వినిపిస్తున్నాయి. అక్కడికి వెళితే ఈ మూడో గుంపుతోనే పోటీ పడాలి, ఆ ఇళ్ల కోసమే తిరగాలి. ఇక రెండోది: భాష వచ్చి, బంధువులుండి, వీసా చేతిలో ఉన్నవాళ్లకే అక్కడ ఎక్కడెక్కడ అడ్డం పడుతోందో తెలిస్తే, అవేవీ లేని మనం బట్టలు సర్దుకునే ముందు ఏం చూసుకోవాలో అర్థమవుతుంది.

రక్తం ఒకటే, క్యూలు రెండు

ప్రపంచమంతా కలిపి విదేశాల్లో ఉన్న కొరియన్ సంతతి వాళ్లు సుమారు 70 లక్షలు. వీళ్ల కోసం 1999లో ప్రత్యేక చట్టం చేశారు. దాని కింద ఇచ్చేదే ఎఫ్-4 వీసా. ఉద్యోగం ఇచ్చే కంపెనీ స్పాన్సర్ చేయక్కర్లేదు. కంపెనీ మారితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. గడువు అయ్యాక పొడిగించుకుంటూ పోవచ్చు. హెచ్-1బి మీద ఉన్న మన అన్నయ్యలకు ఇది వింటే కన్నీళ్లొస్తాయి.

కానీ ఆ చట్టం మొదట అందరినీ కలుపుకోలేదు. 1948లో కొరియా రిపబ్లిక్ ఏర్పడకముందే వెళ్లిపోయినవాళ్లను, అంటే చైనా, పాత సోవియట్ దేశాల్లోని కొరియన్లను పక్కన పెట్టేసింది. కొర్యో సరామ్ అనే వాళ్ల కథ తెలుసుకోవాలి. 1937లో స్టాలిన్ ప్రభుత్వం రష్యా తూర్పు కొసన ఉన్న సుమారు 1.7 లక్షల మంది కొరియన్లను రైళ్లలో ఎక్కించి కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్‌లలో దింపేసింది. వాళ్ల మనవలకు తాతల దేశం చట్టంలో చోటు లేకుండా పోయింది. 2001లో కొరియా రాజ్యాంగ న్యాయస్థానం ఇది సమానత్వానికి విరుద్ధం అని చెప్పింది. 2004లో చట్టం సవరించారు. మూడో తరం వరకే ఉన్న పరిమితిని 2019లో ఎత్తేసి, నాలుగో తరానికి, ఆ తర్వాత వాళ్లకూ వర్తింపజేశారు.

కాగితం మీద సమానత్వం వచ్చింది. కౌంటర్ దగ్గర మాత్రం చాలాకాలం రాలేదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తాత పత్రాలు చూపిస్తే సరిపోయేది. చైనా, మధ్య ఆసియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు డిగ్రీయో, సాంకేతిక సర్టిఫికెట్టో, ఇంకేదో అర్హతో అదనంగా చూపించాల్సి వచ్చేది. అది లేనివాళ్ల కోసం 2007లో హెచ్-2 అని వేరే వీసా పెట్టారు. దాంతో ఫ్యాక్టరీ, నిర్మాణం, హోటల్ పనులు చేసుకునే వీలుండేది, కానీ గడువు తక్కువ, షరతులు ఎక్కువగా ఉండేవి. ఎఫ్-4 ఉన్నవాళ్లేమో కూలి పని లాంటి ‘సాధారణ శ్రమ’ చేయకూడదని రూలు. మినహాయింపులు పెరుగుతూ వచ్చినా ఆ గీత గీసిన తీరు గమనించండి. ఒకే తాత సంతానంలో డాలర్ దేశంలో పుట్టినవాడికి ఇంగ్లిష్ పాఠం, సోమ్ దేశంలో పుట్టినవాడికి అన్సాన్ ఫ్యాక్టరీ షిఫ్టు. నా లెక్కలో దీన్ని రక్తబంధపు వీసా అనడం కంటే పాస్‌పోర్టు రేటింగ్ అనడమే కరెక్టు.

మగపిల్లలకు ఇంకో మెలిక. సైన్యంలో చేయకుండా కొరియా పౌరసత్వం వదులుకున్నవాళ్లకు, 2018 మే తర్వాతి కేసుల్లో, 40 ఏళ్లు నిండే సంవత్సరం చివరి దాకా ఎఫ్-4 ఇవ్వరు. ఈ విషయంలో అక్కడి జనం ఎంత పట్టుదలగా ఉంటారో చెప్పడానికి గాయకుడు యూ సంగ్-జున్ కేసు ఒక్కటి చాలు. సైన్యానికి వెళ్లాల్సిన సమయంలో 2002లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. ఆనాడు దేశంలోకి రానివ్వలేదు. వీసా కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచినా, కాన్సులేట్ మళ్లీ కాదనేసింది.

వచ్చాక చేసే పని ఏమిటి?

సోల్‌లో దిగిన అమెరికన్ కొరియన్‌కు మొదట కనిపించే ద్వారం ‘హాగ్వన్’. మన కోచింగ్ సెంటర్ లాంటిదే, ఇక్కడ ఇంగ్లిష్ చెప్పాలి. కొరియన్ మూలాలు లేని విదేశీయులు ఈ పని చేయాలంటే ఈ-2 వీసా కావాలి. దానికి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా... ఈ ఏడు దేశాల పాస్‌పోర్టు, డిగ్రీ ఉండాలి. (ఇంగ్లిష్ మీడియంలో ఎల్‌కేజీ నుంచి చదివినా మనకు ఈ దారి లేదు.) ఈ-2 కాంట్రాక్టులో గది, విమాన టికెట్ ఇవ్వడం మామూలు. కానీ మధ్యలో ఉద్యోగం మారాలంటే పాత యజమాని వదిలిపెట్టినట్టు లేఖ ఇవ్వాలి. ఎఫ్-4 ఉన్నవాళ్లు స్వేచ్ఛగా మారొచ్చు, కానీ గది సంగతి వాళ్లే అడిగి, బేరమాడి రాయించుకోవాలి. పైగా ‘నేటివ్ టీచర్’ అంటే తెల్లగా, వేరే ముఖంతో ఉండాలని కోరుకునే తల్లిదండ్రులు అక్కడా ఉన్నారు. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగినా ముఖం కొరియన్‌ది కాబట్టి ఇంగ్లిష్ వచ్చా అని అనుమానం. ముఖం కొరియన్‌ది కాబట్టి కొరియన్ సరిగా రాకపోతే చిన్నచూపు. రెండు వైపులా వాయింపే, మద్దెలకు మల్లే.

కార్పొరేట్ ఉద్యోగాల కథ వేరు. పెద్ద కంపెనీలు ఏడాదికి రెండుసార్లు వేలమందిని ఒకేసారి తీసుకునే పద్ధతి కొరియాలో దశాబ్దాలు నడిచింది. మన మాస్ రిక్రూట్‌మెంట్ డ్రైవ్‌కు అన్నలాంటిది. హ్యుందాయ్ 2019లో దాన్ని ఆపేసింది, ఎల్జీ 2020లో, ఎస్‌కే 2021 తర్వాత. పెద్ద గ్రూపుల్లో సామ్‌సంగ్ మాత్రం ఇప్పటికీ వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి పిలుస్తోంది, జీశాట్ అనే సొంత ఆప్టిట్యూడ్ పరీక్ష పెడుతోంది. మిగతా చోట్ల ఖాళీ వచ్చినప్పుడు అనుభవం ఉన్నవాడిని చూసి తీసుకుంటున్నారు. ఇది ఎవరికి దెబ్బ? ఫ్రెషర్‌కి. ఊరికే ఉంటున్నాం అన్న ఆ 5 లక్షల మంది వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం చేస్తేనే అనుభవం. మనకు బాగా తెలిసిన పాటే.

దరఖాస్తులోనూ పట్టు ఉంది. రెజ్యూమెతో పాటు ‘స్వీయ పరిచయ పత్రం’ అని ఒకటి రాయాలి. ఎలా పెరిగారు, కష్టం వచ్చినప్పుడు ఏం చేశారు, ఈ కంపెనీలోనే ఎందుకు చేరాలి, ఇలా ఒక్కో ప్రశ్నకు అక్షరాల లెక్కతో జవాబు. అమెరికా స్టయిల్లో బుల్లెట్ పాయింట్లు పెట్టి పంపితే పక్కన పడేస్తారు. అమ్మ వంటింట్లో మాట్లాడిన కొరియన్‌తో పెరిగినవాళ్లకు ఇక్కడ బ్రేకు పడుతుంది. కూర పేర్లు వస్తాయి, ఆఫీసు మెయిల్ రాదు. టోపిక్ అనే భాషా పరీక్షలో 6 స్థాయిలుంటాయి. ఆఫీసు పని నడవాలంటే పై మెట్లు ఎక్కాల్సిందే. తెలుగు ఇళ్లలో పుట్టిన న్యూజెర్సీ పిల్లలకు రేపు హైదరాబాద్‌లో అడ్డం పడేది కూడా ఇదేనేమో. కాకపోతే మన ఐటీ ఆఫీసులు ఇంగ్లిష్‌లో నడుస్తాయి కాబట్టి బతికిపోతారు.

అసలు యుద్ధం ఇంటి దగ్గర

ఉద్యోగం సంగతి ఒక దారికి వచ్చిందనుకోండి. ఇప్పుడు ఇల్లు.

కొరియాలో అద్దె ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ‘వోల్సె’. కొంత డిపాజిట్, నెలనెలా అద్దె. రెండోది ‘జోన్సె’. నెల అద్దె ఉండదు. ఇంటి ధరలో సగం నుంచి ముప్పావు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ, ఒకేసారి ఓనర్ చేతిలో పెట్టాలి. రెండేళ్లు ఉండి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కి తీసుకోవాలి. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, అక్కడ ‘భోగ్యం’ అంటారు. బెంగళూరులో ‘లీజుకు ఇల్లు’ అన్నా ఇదే. ఊరి స్థాయిలో మనం చూసినదాన్ని ఒక దేశం మొత్తం తన గృహ వ్యవస్థగా మార్చుకుందన్నమాట. బ్యాంకులు మామూలు జనానికి అప్పులివ్వని రోజుల్లో ఓనర్లకు ఇది వడ్డీలేని అప్పు, అద్దెదారుకు బలవంతపు పొదుపు.

లెక్క వేద్దాం. సోల్‌లో చిన్న ఒంటి గది వోల్సెకు కోటి వోన్ డిపాజిట్, నెలకు 6–7 లక్షల వోన్ అద్దె అనేది మామూలుగా వినిపించే మాట. కోటి వోన్ అంటే మన రూపాయల్లో సుమారు 6 లక్షలు. నెల అద్దె దాదాపు 40 వేలు. డిపాజిట్ పెంచితే అద్దె తగ్గిస్తారు, అక్కడ బేరానికి చోటుంది. జోన్సెకు 20 కోట్ల వోన్ అంటే దాదాపు 1.2 కోట్ల రూపాయలు. స్థానిక కుర్రాళ్లు దీనికి బ్యాంకు లోన్ తీసుకుంటారు. నిన్న విమానం దిగినవాడికి ఏ బ్యాంకు అంత తొందరగా ఇవ్వదు. కాబట్టి కొత్తవాళ్లకు మిగిలేది వోల్సె. అది కూడా చేతిలో 6 లక్షలు నగదు ఉంటేనే. లేకపోతే ‘గోషివోన్’. ఒకప్పుడు పోటీ పరీక్షలకు చదివేవాళ్ల కోసం పుట్టిన అగ్గిపెట్టె గదులు. మంచం, బల్ల పడతాయి, మీరు నిలబడాలి. మన అశోక్‌నగర్, అమీర్‌పేట హాస్టళ్లు చూసినవాళ్లకు కొత్తేం కాదు. డిపాజిట్ లేకపోవడమే దాని గొప్పతనం.

ఇక్కడ అందరినీ తిప్పలు పెట్టే చిక్కుముడి ఒకటుంది. వచ్చిన 90 రోజుల్లో ఇమిగ్రేషన్ ఆఫీసులో నివాసం నమోదు చేసుకుని కార్డు తెచ్చుకోవాలి. కార్డుకు అడ్రస్ రుజువు కావాలి. అడ్రస్ కావాలంటే ఇల్లు ఉండాలి. ఇంటి డిపాజిట్ కట్టడానికి బ్యాంకు ఖాతా ఉంటే నయం. ఖాతాకు కార్డు అడుగుతారు. సొంత పేరు మీద ఫోన్ నంబరుకూ కార్డే కావాలి. ఆ నంబరుకు వచ్చే ధ్రువీకరణ లేకపోతే సగం యాప్‌లు తెరుచుకోవు. మన ఆధార్ ఓటీపీ గుర్తు తెచ్చుకోండి. పైగా పాస్‌పోర్టులో పేరుకు, సిమ్ కంపెనీ రికార్డులో పేరుకు ఒక్క ఖాళీ తేడా ఉన్నా ‘మీరు మీరు కాదు’ అంటుంది సిస్టమ్. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత ఇలాంటి వాటికే పుట్టింది. దీన్ని విప్పే దారి మొదటి నెల గోషివోన్‌లోనో, బంధువుల ఇంట్లోనో ఉండి, వాళ్ల చేత నివాస ధ్రువీకరణ రాయించుకుని కార్డు తెచ్చుకోవడమే. ఇల్లు ఆ తర్వాతే. తొందరపడి ముందే డిపాజిట్ కట్టేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ఎందుకంటే జోన్సె మోసాలు. 2020–21లో వడ్డీలు అడుగంటాయి, కొరియా కేంద్ర బ్యాంకు రేటు 0.5 శాతానికి వచ్చింది. ఇళ్ల ధరలు ఎగబాకాయి. ‘విల్లా’ అని పిలిచే చిన్న అపార్ట్‌మెంట్లలో జోన్సె మొత్తం ఇంటి ధరకు దాదాపు సమానమైంది. కొందరు ఓనర్లు అద్దెదారు ఇచ్చిన డబ్బుతోనే ఆ ఇల్లు కొని, అదే పద్ధతిలో ఇంకోటి, ఇంకోటి కొంటూ పోయారు. చేతి నుంచి రూపాయి పెట్టకుండా వందల ఇళ్లు. 2023 జనవరికి వడ్డీ రేటు 3.5 శాతమైంది, ధరలు పడ్డాయి, గొలుసు తెగింది. సోల్, ఇంచాన్ ప్రాంతాల్లో వెయ్యికి పైగా ఇళ్లున్న ఒక ‘విల్లా కింగ్’ 2022 అక్టోబరులో చనిపోయినప్పుడు, డిపాజిట్ ఎవరిని అడగాలో తెలియక వందల మంది రోడ్డున పడ్డారు. ఇంచాన్‌లో మోసపోయిన యువకులు కొందరు 2023లో ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది జూన్ 1 నుంచి ప్రత్యేక చట్టం అమల్లోకి వచ్చింది. 2025 నాటికి అధికారికంగా గుర్తించిన బాధితులే 30 వేలు దాటారు. వాళ్లలో 20లు, 30ల వయసు వాళ్లదే పెద్ద వాటా. భాష, చట్టం, వీధి తెలిసిన స్థానికులే వీళ్లలో ఎక్కువమంది.

ఈ చట్టాల్లో ఇంజినీరింగ్ బుర్రకు ఆసక్తి కలిగించే బగ్ ఒకటుంది. అద్దెదారు ఇంట్లో చేరి, నివాసం నమోదు చేసుకుంటే అతని హక్కు మొదలయ్యేది మర్నాటి 0 గంటల నుంచి. బ్యాంకు తాకట్టు మాత్రం నమోదైన రోజే అమల్లోకి వస్తుంది. అంటే మీరు ఉదయం సామాన్లు దించుతుంటే, మధ్యాహ్నం ఓనర్ వెళ్లి ఇల్లు తాకట్టు పెడితే, బ్యాంకు ముందు, మీరు వెనక. అందుకే తెలిసినవాళ్లు ‘మర్నాటి వరకు ఏ తాకట్టూ పెట్టను’ అని ఒప్పందంలో ప్రత్యేక షరతు రాయిస్తారు. ఒప్పంద పత్రంపై అధికారిక తేదీ ముద్ర వేయించుకోవడం ఇంకో రక్షణ. ఇంటి రిజిస్ట్రీ పత్రాన్ని ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, ఫీజు 700 వోన్. అంటే మన దగ్గర నలభై, యాభై రూపాయలు. అప్పులు, తాకట్లు అన్నీ అందులో కనిపిస్తాయి. ఆరు లక్షలు కట్టే ముందు యాభై రూపాయలు ఖర్చు పెట్టని వాళ్లు కూడా ఉన్నారంటే నాకు ఇప్పటికీ వింతే.

ఎఫ్-4 వాళ్లకు ఈ రక్షణ ఉందా అనే సందేహాన్ని 2016లో కొరియా సుప్రీంకోర్టు తీర్చింది. విదేశీ కొరియన్ చేసిన నివాస నమోదుకు స్థానికుడి నమోదుతో సమాన విలువే అని చెప్పింది. నమోదు చేయకపోతే మాత్రం ఏమీ లేదు. చిన్న డిపాజిట్లకు ఇంకో కవచం ఉంది. సోల్‌లో డిపాజిట్ 16.5 కోట్ల వోన్ లోపు అయితే, ఇల్లు వేలానికి పోయినా 5.5 కోట్ల వోన్ దాకా అందరికంటే ముందు అద్దెదారుకు ఇవ్వాలి, వేలం విలువలో సగం మించకుండా. కోటి వోన్ డిపాజిట్ కట్టిన ఒంటిగది అద్దెదారుకు ఇది బాగానే సరిపోతుంది. ఆ లెక్కన కొత్తగా వెళ్లినవాళ్లకు, ఎంత ఊరించినా, జోన్సె వద్దు. నెల అద్దె ఎక్కువైనట్టు అనిపిస్తుంది, అది నిద్రకు కట్టే ఫీజు అనుకోండి.

జపాన్ చెప్పే పాఠం

ఇంకో దేశం గురించి క్లుప్తంగా. 1990లో జపాన్ చట్టం మార్చి, బ్రెజిల్, పెరూ లాంటి దేశాల్లోని జపనీస్ సంతతికి తలుపులు తెరిచింది. కార్ల ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి మరి. 2007 నాటికి జపాన్‌లో బ్రెజిలియన్లు 3 లక్షలు దాటారు. 2008 సంక్షోభం రాగానే మొదట పోయినవి వాళ్ల ఉద్యోగాలే, ఎందుకంటే ఎక్కువ మంది ఏజెన్సీల కాంట్రాక్టుల మీద ఉన్నారు. కంపెనీ క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లకు ఉద్యోగంతో పాటే ఇల్లూ పోయింది. 2009లో ప్రభుత్వం ఉద్యోగం పోయినవాళ్లకు తలా 3 లక్షల యెన్ ఇచ్చి వెనక్కి వెళ్లిపొమ్మంది, అదే వీసాతో ఇప్పట్లో తిరిగి రావద్దన్న షరతుతో. ఇక అక్కడి ఇళ్ల సంగతికొస్తే, 2017లో జపాన్ న్యాయశాఖ బయటపెట్టిన సర్వేలో, ఇల్లు వెతికిన విదేశీయుల్లో 39.3 శాతం మంది విదేశీయులన్న కారణంతో తమను కాదన్నారని చెప్పారు.

మనవాళ్ల సంగతి

కొరియాకు వెళ్లే తెలుగు విద్యార్థికి ఎఫ్-4 లేదు. అతని దారి డి-2 చదువు వీసాతో మొదలై, డి-10 అనే ఉద్యోగ వేట వీసా మీదుగా, కంపెనీ స్పాన్సర్ చేసే ఈ-7కు చేరుతుంది. 2027 నాటికి 3 లక్షల విదేశీ విద్యార్థులు కావాలని ఆ ప్రభుత్వం 2023లో లక్ష్యం పెట్టుకుంది కాబట్టి సీటు దొరకడం పెద్ద సమస్య కాకపోవచ్చు. సీటు ఇప్పించే కన్సల్టెన్సీలు చెప్పనిది డిగ్రీ అయ్యాక సంగతి. డి-10 పాయింట్ల మీద నడుస్తుంది. ఈ-7 అయితే మీ ఉద్యోగం వాళ్ల జాబితాలో ఉండాలి, జీతం వాళ్లు పెట్టిన కనీసం దాటాలి. అక్కడి నుంచి ఎఫ్-2-7 అనే పాయింట్ల నివాస వీసాకు వెళ్లగలిగితే, అప్పుడు కంపెనీ మారడం దాదాపు ఎఫ్-4 అంత సులువు. ఈ పాయింట్లలో వయసు, చదువు, జీతంతో పాటు కొరియన్ భాషకు గట్టి వాటా ఉంది. అంటే తాత ఇవ్వని పాయింట్లు టోపిక్ ఇస్తుంది. బీటెక్ మూడో ఏడాదిలో భాష మొదలుపెట్టినవాడికి, విమానం దిగాక మొదలుపెట్టినవాడికి ఇక్కడే తేడా వస్తుంది. ఖర్చు లెక్కలో కూడా ఫీజు, హాస్టల్ రాసుకుని ఆపేస్తున్నారు చాలామంది. డిగ్రీ అయి హాస్టల్ ఖాళీ చేసిన రోజు కావాల్సిన ఆ కోటి వోన్‌ను విడిగా రాసుకోండి, ఎడ్యుకేషన్ లోన్‌లో అది రాదు.

ఇక మన దగ్గరి ఎఫ్-4 ఏదంటే ఓసీఐ కార్డు. 2005 నుంచి ఉంది, ముత్తాత భారతీయుడైనా చాలు. ఈ కార్డుతో హైదరాబాద్ వచ్చే డల్లాస్ కజిన్ మీ పక్క సీట్లోనే ఉద్యోగం చేయొచ్చు, ఉద్యోగ వీసా అక్కర్లేదు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు. ఆఫీసులో పీఎఫ్ మీకు 15 వేల పరిమితి మీద కట్ అవుతుంటే, విదేశీ పాస్‌పోర్టు కాబట్టి అతనికి మొత్తం జీతం మీద కట్ చేసే నిబంధన ఉంది, దాని మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి. తాత ఊళ్లో పొలం కొనడానికి వీల్లేదు. వారసత్వంగా వస్తే మాత్రం తీసుకోవచ్చు.